పుట్టు రంగా, పట్టిన నలుపా?

వరలక్ష్మీ వ్రతానికో, పెళ్ళిచూపులకో బీరువా అడుగునుంచి వెండి సామాను బయటికి తీసినప్పుడు ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కరలేదు. కుంకుమ భరిణె నల్లగా ఉంటుంది. కుందులు అంతకంటే నల్లగా ఉంటాయి. అయినా ఇంట్లో ఎవరూ, “ఇది వెండి కాదేమో, ఎవరూ ఎరగని మరో లోహమేమో!” అని సంబరపడరు. కాస్త విభూతి పెట్టి తోమి పక్కన పెడతారు. ఇంత తెలివిగల మనమే, అదే నలుపు ఒక పాత తపాలా బిళ్ళమీద కనబడితే మాత్రం గుండె చేత్తో పట్టుకుని, భూతద్దం తెప్పించి, “ఇది ఎక్కడా లేని రంగు సుమా!” అని గుసగుసలాడతాం.

నా వృత్తి తెలుగు పాఠాలు చెప్పుకోవడం. స్టాంపులు నా వ్యసనం. ఈ రెండింటికీ పొత్తు లేదని మా ఇంట్లోవాళ్ళు అంటారు గాని, ఉంది. తాళపత్ర ప్రతులు నాలుగు ముందు పెట్టుకుని ఒక పద్యం పరిష్కరించే వాడికి ప్రతి క్షణమూ ఒకటే సందేహం. ఈ ప్రతిలో మాట వేరుగా ఉంది. ఇది కవి నాటినుంచీ వస్తున్న పాఠాంతరమా, లేక వ్రాయసకాని చేతివాటమా, లేక అక్షరం ఉన్న చోట పురుగు తినేసిందా? సి.పి.బ్రౌను దొర ఒక్క కావ్యానికి అన్నేసి ప్రతులు తెప్పించి పండితులచేత పోల్చి చూపించింది ఇందుకే. ఒక్క ప్రతిని పట్టుకుని పాఠం నిర్ణయించేవాణ్ణి ఎవరూ నమ్మరు. ఒక్క బిళ్ళను పట్టుకుని రంగు నిర్ణయించేవాణ్ణి మాత్రం చాలామంది నమ్ముతున్నారు. నా బాధ అదే.

ముందు రంగు భేదం అంటే ఏమిటో చెప్పుకుందాం. ఒకే బిళ్ళను అచ్చాఫీసులో ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ ముద్రిస్తారు. ఒక్కొక్క విడతకు సిరా కొత్తగా కలుపుతారు. ఆ కలపడంలో కాస్త ఎక్కువ తక్కువలు వస్తాయి. కాగితం మారుతుంది. రంగులు సరఫరా చేసే వర్తకుడు మారతాడు. అందుచేత 1860లో వచ్చిన ఎరుపు, 1870లో వచ్చిన ఎరుపు ఒకటి కావు. క్యాటలాగులు వాటికి వేరు వేరు పేర్లు పెట్టి, వేరు వేరు ధరలు కడతాయి. మన హైదరాబాదు రాజ్యం బిళ్ళలే చూడండి. తెలుగు అక్షరాలు కూడా చెక్కిన ఆ అర్ధణా బిళ్ళ 1871 మొదలు ముప్ఫై ఏళ్ళకు పైగా అదే నమూనాలో సాగింది. నారింజవన్నె గోధుమ, ఎర్రగోధుమ, ఇటుక ఎరుపు అంటూ దానికి ఎన్నో అవతారాలు. ఇవన్నీ పుట్టుకతో వచ్చిన రంగులు. వీటిని పోగుచేయడంలో తప్పు లేదు, ఆనందం చాలా ఉంది.

చీరల కొట్టులో మన ఆడవాళ్ళు మావిచిగురుకూ చిలకపచ్చకూ, ఉల్లిపొరకూ గులాబికీ తేడా చెప్పినంత సులభంగా మగవాళ్ళు చెప్పలేరు. స్టాంపుల మీద పెత్తనం మటుకు మగవాళ్ళదే కావడంవల్లనే ఈ రంగంలో ఇంత గందరగోళం ప్రబలిందని నా అనుమానం. సరే, అది వేరే సంగతి.

ఇక నలుపు సంగతి. ఆరంజి, ఎరుపు, పసుపు రంగుల పాత బిళ్ళలు కొన్ని కాలక్రమాన గోధుమవన్నెకు తిరిగి, ఆ పైన కాఫీగింజ రంగుకు, చివరకు దాదాపు నలుపుకు దిగుతాయి. స్టాంపుల వాళ్ళందరూ దీన్ని “ఆక్సిడైజ్ అయింది” అంటారు. అంటే గాలిలోని ప్రాణవాయువు చేసిన పని అని భావం. మా కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే మిత్రులొకరు ఈ మాట వింటే చెవులు మూసుకుంటారు. “పంతులుగారూ, ఇందులో ప్రాణవాయువు నేరం ఏమీ లేదండీ! పాపం అంతా గంధకానిది” అంటారాయన.

ఆయన చెప్పింది ఇది. పూర్వం ఈ వన్నెలకు వాడిన రంగుపొడులు అనేకం సీసంతో చేసినవి. క్రోమ్ పసుపు అనేది సీసపు లవణం. ఆంజనేయస్వామికి పూసే సిందూరం సీసమే. రంగు తేలిక చేయడానికి కలిపే సఫేదా కూడా సీసమే. గాలిలో ఏ కొంచెమైనా గంధకపు ఆవిరి ఉందంటే, అంటే మురుగుకాలువ దగ్గరా, కుళ్ళిన కోడిగుడ్డు దగ్గరా ముక్కు మూసుకునేలా చేసే ఆ వాయువే, అది సీసాన్ని పట్టుకుని సీసపు సల్ఫైడుగా మారుస్తుంది. సీసపు సల్ఫైడు నల్లన. వెండి భరిణె నల్లబడేది కూడా సరిగ్గా ఈ గంధకంవల్లనే. భరిణె, బిళ్ళ ఒకే జబ్బుతో బాధపడుతున్నాయన్నమాట. భరిణె విషయంలో మనకు తెలిసిన నిజం బిళ్ళ విషయంలో ఎందుకు మరుస్తాం? నలుపుకు ధర పలుకుతుందన్న ఆశవల్ల. మరో కారణం నాకు తోచదు.

పాదరసం, గంధకం కలిసిన ఇంగిలీకం కథ వేరు. దాన్ని వెలుతురు నల్లబరుస్తుంది. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. రెండువేల ఏళ్ళ కిందట రోములో విట్రూవియస్ అనే వాస్తుశాస్త్రవేత్త, గోడలకు ఇంగిలీకం పూయించుకున్న ఒక పెద్దమనిషి ఇల్లు నెల తిరిగేసరికి ఎండకు వికారంగా మారిపోయి, మళ్ళీ వేరే రంగు వేయించుకోవలసి వచ్చిందని వ్రాసిపెట్టాడు.

ఇంగిలీకం మన దేశపు స్టాంపుల చరిత్రలో కూడా తమాషా చేసింది. 1852లో సింధు ప్రాంతంలో బార్టల్ ఫ్రియర్ దొర ప్రవేశపెట్టిన అర్ధణా బిళ్ళ మొదట ఎర్ర లక్కతో చేశారు. అది పెళుసుగా విరిగిపోయింది. తర్వాత తెల్ల కాగితంమీద రంగు లేకుండా ఉబ్బెత్తుగా ఒత్తారు. మసకవెలుతుర్లో అది కనబడదన్నారు. చివరకు నీలం చేశారు. రెండేళ్ళ తరువాత, 1854లో, దేశమంతటికీ పనికివచ్చే బిళ్ళలు వేయవలసిన భారం కలకత్తాలో సర్వే శాఖకు చెందిన కెప్టెన్ తుయిలియర్ మీద పడింది. ఆయన రాతి అచ్చుమీద అర్ధణా బిళ్ళను ఇంగిలీకపు ఎరుపులో మొదలుపెట్టాడు. అంచున తొమ్మిదిన్నర కమానులు ఉండడంచేత దానికి ఆ పేరే నిలిచిపోయింది. ఇంతలో సీమనుంచి వచ్చిన ఇంగిలీకం కాస్తా అయిపోయింది. ఇక్కడ బజారులో దొరికినది వాడి చూస్తే అచ్చురాళ్ళు పాడయ్యాయి. దాంతో ఎరుపు మానేసి, వేరే నమూనాతో అర్ధణాను నీలంలో వేశారు. ఎర్ర తొమ్మిదిన్నర కమానుల బిళ్ళ అమ్మకానికి రాకుండానే ఆగిపోయింది. ఒక దేశపు తపాలా బిళ్ళ రంగును నిర్ణయించింది దొరగారి అభిరుచి కాదు, బజారులో దొరికిన రంగుపొడి!

ఈ కథ ఊరికే చెప్పలేదు. నిజమైన రంగు మార్పుకు అచ్చాఫీసులో ఒక కారణం ఉంటుంది. సిరా అయిపోతుంది, కలపడం మారుతుంది, పలక మారుతుంది. ఆ కారణం ఒక్క బిళ్ళకు కాదు, ఆ విడత మొత్తానికి వర్తిస్తుంది. పట్టిన నలుపుకు మటుకు కారణం మన బీరువాలో ఉంటుంది. మీ చేతిలోని బిళ్ళ రంగుకు కారణం ఎక్కడ దొరుకుతుందో చూడండి. అచ్చాఫీసులోనా, బీరువాలోనా?

చిక్కు ఎక్కడంటే, కొన్ని బిళ్ళలకు రెండు చోట్లా కారణం దొరుకుతుంది. విక్టోరియా రాణి బొమ్మతో లండన్‌లో డి లా రూ వారు మనకు అచ్చువేసి పంపిన 2 అణాల బిళ్ళ దీనికి మంచి ఉదాహరణ. 1865లో ఏనుగుతల నీటిగుర్తు ఉన్న కాగితంమీద ఇది వెలువడింది. దీన్ని పసుపు, నారింజ, గోధుమ నారింజ అని మూడు వన్నెలుగా క్యాటలాగు చెబుతుంది. మూడూ నిజమే. కాని నారింజవన్నె బిళ్ళకు కాస్త గంధకం తగిలిందా, అదీ గోధుమ నారింజే! పుట్టుకతో వచ్చిన గోధుమా, మధ్యలో అంటిన గోధుమా పక్కపక్కన కూర్చుని మనల్ని చూసి నవ్వుతాయి.

నాలుగేళ్ళయింది. మా వీధిలోనే ఉండే ఒకావిడ ఈ 2 అణాల బిళ్ళనే పట్టుకుని మా ఇంటికి వచ్చారు. యాభై దాటిన మనిషి, బడిలో పనిచేస్తారు. తండ్రిగారు పోతూ పొలం ఇద్దరు కొడుకులకూ పంచి, ఆల్బం మాత్రం ఈవిడకు ఇచ్చారట. “అందులో ఒక్క కవరు చాలమ్మా, నీ వాటా వాళ్ళ వాటాకు తీసిపోదు” అన్నారట ఆ పెద్దాయన. అన్నదమ్ములు కాదనలేదు. ఆవిడా నమ్మారు. అప్పటికి కొడుకును ఇంజనీరింగులో చేర్చే వేళ వచ్చింది. బజారులో ఒక వర్తకుడు కవరు అటూ ఇటూ తిప్పి, “గోధుమ వన్నెదేనండీ, అరుదే, ఉంచి వెళ్ళండి” అన్నాడట. ఉంచి వెళ్ళడానికి ఆవిడకు మనసొప్పలేదు.

కవరు మద్రాసునుంచి బందరు వచ్చినది. దానిమీద 2 అణాల బిళ్ళలు రెండు, ఒకదాని అంచుమీదికి మరొకటి కొద్దిగా ఎక్కేలా అంటించి ఉన్నాయి. రెండూ ముదురు గోధుమ. పొద్దున్నే కిటికీ దగ్గర పెట్టి అద్దంతో చూశాను. మొదట నాకు కనబడింది రంగు కాదు, ఒక చార. రెండు బిళ్ళలనూ, మధ్య ఉన్న కవరు కాగితాన్నీ దాటుకుంటూ అడ్డంగా వేలెడు మేర ఒక పట్టీ. బిళ్ళలమీద ఆ పట్టీ మిగతా భాగంకంటే నల్లగా ఉంది. కాగితంమీద సన్నని పసుపు మరక. ఇక పైబిళ్ళ మూల జిగురు ఊడి కాస్త లేచి ఉంది. పుల్లతో ఆ మూలను అతి మెల్లగా ఎత్తి కిందికి వెలుతురు పోనిస్తే, దాని చాటున దాగి ఉన్న అడుగు బిళ్ళ అంచు, పండిన నారింజ తొక్కలా, మిలమిల మెరుస్తూ కనబడింది.

“మీ నాన్నగారు ఈ ఉత్తరాలు ఎలా దాచేవారమ్మా?” అని అడిగాను.

“ఎంత జాగ్రత్తండీ ఆయనకు! కట్టగట్టి రబ్బరు బ్యాండు వేసేవారు. అది వదులైతే కొత్తది మార్చేవారు. మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు” అన్నారావిడ.

రబ్బరు గట్టిపడడానికి అందులో గంధకం కలుపుతారు. ఏళ్ళ తరబడి ఆ రబ్బరు ఆ సీసపు నారింజమీద కూర్చుంది. ఆ పెద్దాయన జాగ్రత్తే దాన్ని నల్లబరిచింది. ఇది నేను ఆవిడతో పైకి అనలేదు. బిళ్ళలు నారింజవనీ, నల్లబడ్డాయనీ మాత్రం చెప్పాను. నిజంగా గోధుమ నారింజవే అయినా వాటితో పొలం వాటాకు సరితూగే సొమ్ము వచ్చేది కాదని కూడా చెప్పాను. అది చెప్పడం మొదటిదానికంటే కష్టమైంది. ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే ఆ వర్తకుడు ఉంచి వెళ్ళమన్నాడెందుకు?” అన్నారు. ఆ ప్రశ్నకు నావద్ద మర్యాదైన జవాబు లేదు.

ఇప్పుడు పాఠకులు అడగవచ్చు: అందరికీ అలా జిగురు ఊడిన మూల దొరుకుతుందా? దొరకదు. అయినా చూడదగినవి చాలా ఉన్నాయి.

మొదట వెలుతురు. ఉత్తరపు కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని పగటి వెలుతుర్లో చూడాలి. రాత్రి దీపం కింద గోధుమా నారింజా అన్నదమ్ములే. ఈ మధ్య నాకు సెల్‌ఫోన్లో బొమ్మలు పంపి, “రంగు చెప్పండి సార్” అంటున్నారు. ఫోను తనకు నచ్చిన రంగు చూపిస్తుంది, నా ఫోను తనకు నచ్చిన రంగు చూపిస్తుంది, మధ్యలో బిళ్ళ రంగు ఎవరికీ తెలియదు.

రెండోది, పక్క రంగుల మాయ. పాతబడి పసుపెక్కిన కాగితంమీద ఏ సిరా అయినా వెచ్చగా, ముదురుగా కనిపిస్తుంది. నల్ల అట్టముక్కకు కందిగింజంత చిల్లు పొడిచి, ఆ చిల్లులోంచి కేవలం సిరాను చూడండి. పోల్చవలసిన మరో బిళ్ళనూ అలాంటి చిల్లులోంచే చూడండి. ఇద్దరు మనుషుల ఎత్తు పోల్చాలంటే చెప్పులు విడిపించినట్టు.

తరువాత అద్దం. పుట్టు రంగు బిళ్ళంతటా ఒక్క తీరుగా ఉంటుంది. సిరా దట్టంగా పడిన చోటా, సన్నని గీత ఉన్న చోటా అదే వన్నె పలచగానో చిక్కగానో కనబడుతుంది. పట్టిన నలుపు అలా కాదు. అది పైపై పొర. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. గాలి తగిలిన అంచుల దగ్గరా, చిల్లుల పళ్ళ దగ్గరా ముదురుతుంది. మేఘం కమ్మినట్టు ఒక మూలనుంచి పాకుతుంది. ఏటవాలుగా పట్టుకుని చూస్తే ఒక్కొక్కప్పుడు పెన్సిలు గీత మీదిలాంటి బూడిద మెరుపు తోస్తుంది. అన్నింటికంటే గట్టి సాక్ష్యం, గాలి తగలని చోటు. మరో బిళ్ళ కింద దాగిన భాగమో, కవరు మడతలో ఉన్న అంచో దొరికితే చాలు. అక్కడ వన్నె వేరుగా ఉందంటే తగవు తీరినట్టే.

ఇక తేదీలు. తేదీ ముద్ర స్పష్టంగా ఉన్న బిళ్ళలు, అవే ఏళ్ళవి, పదో పాతికో పక్కన పెట్టి చూడండి. పుట్టు రంగు ఒంటరిగా పుట్టదు. అదే విడతలో అచ్చయిన తోబుట్టువులు ఎక్కడో ఉంటాయి, వాటి తేదీలూ దగ్గర దగ్గరగా ఉంటాయి. నల్లబడినవాటికి తేదీలతో నిమిత్తం లేదు. ఏ యేటిది ఆ యేటి గంధకాన్ని బట్టి నల్లబడుతుంది. బ్రౌను దొర పద్ధతి ఇదే కదా!

ఈ కాలంలో బిళ్ళను ముట్టుకోకుండానే ఎక్సురే కిరణాలు పంపి అందులో సీసం ఉందా, పాదరసం ఉందా, ఇనుము ఉందా అని చెప్పే యంత్రాలు వచ్చాయి. పెద్ద ధర పలికే బిళ్ళలకు నిపుణుల సంఘాలు పరీక్ష చేసి ధ్రువపత్రం ఇస్తున్నాయి. పరీక్ష ఖర్చు బిళ్ళ ఖరీదుకంటే ఎక్కువయ్యే చోట మాత్రం కిటికీ, అద్దం, అట్టముక్కలే మనకు దిక్కు.

నలుపు ఒక్కటే మోసగత్తె కాదు. మన వంటింటిలోనే చూడండి, పసుపులో సున్నం పడితే పారాణి. ఆ ఎరుపు ఎక్కడినుంచి వచ్చింది? బిళ్ళలమీద కూడా ఇలాంటి మాయలు జరుగుతాయి. నీలం పసుపు కలిపి చేసిన ఆకుపచ్చ బిళ్ళ ఎండలో పడి ఉంటే పసుపు వెలిసిపోయి నీలం మిగులుతుంది. ఇంకా విడ్డూరం బ్రిటన్ వారిది. వాడిన బిళ్ళమీది ముద్రను కడిగేసి జనం మళ్ళీ వాడుకుంటారన్న భయం వాళ్ళకు మొదటినుంచీ ఉంది. 1840లో వచ్చిన నల్ల పెన్నీని మరుసటి యేడే ఎర్రగా మార్చింది ఇందుకే. నల్ల బిళ్ళమీద కొట్టిన ఎర్ర ముద్ర చెరిపేస్తున్నారని, బిళ్ళను ఎర్ర చేసి ముద్రను నల్ల చేశారు. ఆ భయంతోనే తరువాత కడిగితే చెదిరిపోయే సిరాలనే కావాలని వాడారు. 1883–84లో వచ్చిన వారి ఆకుపచ్చ బిళ్ళలను నీళ్ళలో నానబెడితే అవి పసుపుపచ్చగా పాలిపోతాయి. అంచేత ఎవరైనా “లేత పసుపుపచ్చ, అరుదు” అని చూపిస్తే, ముందు నాకు నీళ్ళ చెంబు గుర్తుకొస్తుంది.

ఇంత చెప్పి, నిజమైన వింత రంగులు లేవనుకునేరు. ఉన్నాయి. స్వీడన్‌లో 1855లో 3 స్కిల్లింగుల బిళ్ళ ఆకుపచ్చ, 8 స్కిల్లింగులది పసుపు. 8 స్కిల్లింగుల అచ్చులో పొరపాటున ఒక 3 స్కిల్లింగుల దిమ్మ చేరడంచేత, ఒక 3 స్కిల్లింగుల బిళ్ళ పసుపు రంగులో అచ్చయింది. 1880లలో ఒక బడిపిల్లవాడు అవ్వగారింట పాత ఉత్తరాలమీద దాన్ని చూసి, ఒక వర్తకుడికి 7 క్రోనార్లకు అమ్ముకున్నాడు. 1970లలో అది నకిలీ అని పెద్ద గొడవ లేచింది. మళ్ళీ పరీక్షించి అసలుదేనని చెప్పారు. 1996లో వేలంలో అది 28,75,000 స్విస్ ఫ్రాంకులు పలికింది. అమెరికాలో 1893లో కొలంబస్ స్మారకంగా వేసిన 4 సెంట్ల బిళ్ళ కూడా ఇలాగే కొన్ని ప్రతులు 1 సెంటు బిళ్ళ నీలంలో అచ్చయ్యాయి. చూశారా, రెంటికీ అచ్చాఫీసులో కారణం ఉంది. మా ఇంట్లో అటకమీద కారణం లేదు.

ఇక అందరూ అడిగే మాట. నల్లబడినదాన్ని బాగుచేయవచ్చునా? మందుల షాపులో పుళ్ళు కడగడానికి దొరికే హైడ్రోజన్ పెరాక్సైడు, నూటికి మూడు పాళ్ళది, మెత్తని కుంచెతో అద్దితే నలుపు పోయి రంగు బయటపడడం కద్దు. ఇందులో ఒక విచిత్రం ఉంది. నలుపును తొలగించే ఈ మందు చేసే పనే నిజమైన ఆక్సీకరణం! నల్ల సీసపు సల్ఫైడుకు ప్రాణవాయువును అందించి దాన్ని తెల్లని సల్ఫేటుగా మారుస్తుంది. అంటే జబ్బుకు మందు పేరు పెట్టి ఇన్నాళ్ళూ తిడుతున్నామన్నమాట. మా రసాయనశాస్త్ర మిత్రుడి కోపం అర్థమైంది కదా.

కాని తొందరపడకండి. నలుపు తెల్లనవుతుంది గాని మళ్ళీ నారింజ కాదు. కింద నల్లబడకుండా మిగిలిన రంగు ఉంటేనే అది పైకి కనబడుతుంది. పూర్తిగా మారిపోయినదానికి మిగిలేది పాలిన ముఖమే. పైగా తడి తగిలితే చెదిరే సిరాలున్నాయి, ముద్ర కరిగే ప్రమాదం ఉంది, జిగురు పోతుంది, కవరుమీద ఉన్నదైతే కాగితం మరక పడుతుంది. చేసి చూడాలన్న దురద తీరకపోతే చవక బిళ్ళ, విడిది, రెండు మూడు ఉన్నది తీసుకుని దానిమీద తీర్చుకోండి. బాగుచేసిన బిళ్ళను బాగుచేశామని చెప్పకుండా అమ్మడం నా దృష్టిలో పాలలో నీళ్ళు పోయడమే. గంధకపు పొగ పట్టించి నారింజను గోధుమ చేసి అమ్మే ప్రబుద్ధులు కూడా లేకపోలేదు. వాళ్ళను గురించి వ్రాస్తే పద్ధతి నేర్పినట్టవుతుంది.

మా వీధి ఆవిడ కూడా ఆ మందు సంగతి అడిగారు. కవరుమీద బిళ్ళలు కనుక వద్దన్నాను. “వద్దులెండి, నాన్నగారు కట్టినట్టే ఉంటుంది” అన్నారు. రబ్బరు బ్యాండు మాత్రం తీసేయించాను. పిల్లవాడి ఫీజు బ్యాంకు అప్పుతో కట్టారు. పాత ఉత్తరాల్లో బందరు తపాలా ముద్రలు ఉన్నవి కొన్ని, ఆ ముద్రలు పోగుచేసేవారొకరు వచ్చి చూసి, ఉన్న ధర చెప్పి కొనుక్కున్నారు. ఆ 2 అణాల కవరు ఆవిడ ఇవ్వలేదు.

మీ ఇంట్లో పాత బిళ్ళలుంటే వాటిని వెండి సామానున్న బీరువాలో పెట్టినా ఫరవాలేదు, రబ్బరు బ్యాండు, రబ్బరు మూతల డబ్బా, ఉన్ని గుడ్డ దగ్గర మాత్రం పెట్టకండి, వాటన్నిటిలోనూ గంధకం ఉంటుంది. మెత్తటి ప్లాస్టిక్ సంచులు కూడా మంచివి కావు. ఆమ్లం లేని కాగితపు కవర్లు స్టాంపుల కొట్లలో దొరుకుతాయి. కోస్తా జిల్లాలవారు వానాకాలం వెళ్ళగానే ఒకసారి తీసి, నీడపట్టున గాలి తగలనివ్వండి. అప్పుడు కాగితంమీద తేనెరంగు చుక్కలు కనబడితే కంగారు పడకండి. అవి చెమ్మకు వచ్చే బూజుమచ్చలు, నలుపుతో వాటికి సంబంధం లేదు. వాటి సంగతి మరోసారి మనవి చేస్తాను.